సైబర్ కేసు మొదలయ్యేది స్టేషన్ రైటర్ బల్ల దగ్గర

ఎఫ్‌ఐఆర్ ఫారంలో ఐదో గడి ఘటన జరిగిన స్థలానిది. స్టేషన్ నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఏ బీట్ కింద వస్తుంది, ఒకవేళ ఈ స్టేషన్ లిమిట్స్‌లో కాకపోతే ఏ స్టేషన్, ఏ జిల్లా అని వివరంగా అడుగుతుంది. ఇంట్లో దొంగలు పడినా, రోడ్డు మీద బండి గుద్దినా, చేను గట్టు దగ్గర తలలు పగిలినా ఈ గడి నింపడానికి రైటర్‌కు, అంటే స్టేషన్‌లో రాతపని చూసే పోలీసుకు, నిమిషం పట్టదు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి ఆయన ఉన్నాడనుకుందాం. ట్రాఫిక్ చలానా కట్టాలంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వచ్చింది, నొక్కాడు, ఫోన్‌లో ఏదో ఇన్‌స్టాల్ అయింది, అర్ధగంటలో ఖాతాలోంచి మూడు విడతలుగా 4 లక్షల 80 వేలు పోయాయి. మెసేజ్ వచ్చిన నంబరు ఒడిశాలో ఎవరి పేరు మీదో ఉంది, దాన్ని వాడేవాడు జార్ఖండ్‌లోనో రాజస్థాన్‌లోనో ఉన్నాడు, డబ్బు మొదట పడిన ఖాతా గుజరాత్‌ది, అక్కడి నుంచి నాలుగు ఖాతాలకు చీలి చివరికి ఇంకో రాష్ట్రంలో ఏటీఎం నుంచి నోట్లుగా బయటికి వచ్చింది. ఆయన స్టేషన్‌కు వచ్చి "లెక్క పాయె సార్" అని నిలబడ్డాడు. (కడప వైపు డబ్బును లెక్క అనే అంటారు.) ఐదో గడిలో ఏం రాయాలి? ఏ దిక్కు, ఎన్ని కిలోమీటర్లు?

ఈ ఒక్క గడి దగ్గర తడబడి "ఇది మా లిమిట్స్ కాదు, జిల్లా సైబర్ సెల్‌లో అడగండి" అని పంపేస్తే, ఆయన కడప బస్సెక్కి దిగేసరికి డబ్బు మూడో ఖాతా కూడా దాటేస్తుంది. సైబర్ నేరాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ ల్యాబులు, సాఫ్ట్‌వేర్లు, హ్యాకర్ల గురించే మాట్లాడతారు. అవి అవసరమే. కానీ మామూలు జనం పోగొట్టుకున్న డబ్బు తిరిగొచ్చేదీ రానిదీ ఎక్కువగా తేలిపోయేది మామూలు స్టేషన్‌లో, మొదటి గంటలో, ఫిర్యాదు తీసుకునే మనిషి చేతిలో. నేరశాస్త్రం చదివినవాళ్లు ఈ విషయాన్ని చాలా ఏళ్లుగా చెబుతున్నారు. మనవైపు అది పెద్దగా చర్చకు రాలేదు.

అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో క్రిమినల్ జస్టిస్ ప్రొఫెసర్ థామస్ హోల్ట్ ఉన్నారు. హ్యాకర్ల మీద, దొంగిలించిన కార్డు వివరాలు అమ్ముకునే ఆన్‌లైన్ బజార్ల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మనిషి. ఆయన, జార్జియా సదరన్ యూనివర్సిటీకి చెందిన ఆడమ్ బాస్లర్ కలిసి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. షార్లెట్, సవానా అనే రెండు నగరాల్లో గస్తీ తిరిగే పోలీసులకు, అంటే మన బీట్ కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్ లాంటివాళ్లకు, ప్రశ్నావళి ఇచ్చి సైబర్ నేరాలు ఎవరు చూసుకోవాలి, ఏం చేస్తే బాగుపడుతుంది అని అడిగారు. ఎక్కువ మంది నుంచి వచ్చిన జవాబు ఏమిటంటే, జనం ఇంటర్నెట్‌లో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి, చట్టాలు మారాలి. స్థానికంగా సైబర్ విభాగాలు పెట్టడం, తమకు కంప్యూటర్ శిక్షణ ఇవ్వడం వాళ్లకు అంత ముఖ్యంగా అనిపించలేదు. ఇది ప్రధానంగా తమ పని అని కూడా వాళ్లు అనుకోలేదు.

ఆ పోలీసులు సోమరిపోతులని దీనికి అర్థం కాదు. గస్తీ ఉద్యోగం మొదటినుంచీ ఒక స్థలం చుట్టూ తయారైంది. ఫలానా వీధి నీది, ఫలానా ఊరు నీది, అక్కడ ఏం జరిగినా నువ్వు జవాబు చెప్పాలి. లండన్‌లో 1829లో రాబర్ట్ పీల్ పెట్టిన పోలీసు వ్యవస్థ ఇలాగే బీట్ల మీద నడిచింది. మన దగ్గర 1859 మద్రాసు పోలీసు చట్టం కంటే ముందు ఊరూరా తలారి ఉండేవాడు, ఆయన బాధ్యత ఊరి పొలిమేర దాకా. తలారి పోయి స్టేషన్ వచ్చింది గానీ పొలిమేర మాత్రం అలాగే ఉండిపోయింది, పేరు మార్చుకుని లిమిట్స్ అయింది.

రాయలసీమలో ఇది ఇంకా గట్టిగా కనబడుతుంది. ఇక్కడి పోలీసు పని దశాబ్దాల తరబడి ఫ్యాక్షన్ చుట్టూ తిరిగింది. ఏ ఊరికి పికెట్ వేయాలి, ఎవరిని బైండోవర్ చేయాలి, ఎవరి మీద రౌడీ షీట్ ఉంది, ఎవరి పెళ్లికి ఎవరు వస్తే గొడవ అవుతుంది, ఇవన్నీ తెలిసిన హెడ్ కానిస్టేబుల్ ఒక్కడు ఉంటే సర్కిల్ అంతా ప్రశాంతంగా ఉండేది. మనుషులను ముఖాలతో, ఇంటిపేర్లతో, పాత పగలతో గుర్తుపెట్టుకునే విద్య అది. ఆ విద్యను తక్కువ చేయాల్సిన పని లేదు, దాని వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ముఖం లేని, ఊరు లేని దొంగ ఎదురైనప్పుడు మాత్రం ఆ విద్యలో పండిపోయిన మనిషికి కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. షార్లెట్ పోలీసు చెప్పిన జవాబు జమ్మలమడుగులో వినబడినా ఆశ్చర్యం లేదు, ఇద్దరి ఉద్యోగాలూ ఒకే మూసలో పోసినవి.

నేరం ఎప్పుడు జరుగుతుందనే దానికి నేరశాస్త్రంలో బాగా వాడే ఒక వివరణ ఉంది. లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ 1979లో ఇచ్చారు. దొంగతనం చేయాలనే మనిషి, చేతికందే సొత్తు, కాపలా లేకపోవడం, ఈ మూడూ ఒకే చోట ఒకే సమయంలో కలిస్తే నేరం జరుగుతుంది అన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో సంపద పెరిగినా దొంగతనాలు ఎందుకు పెరిగాయి అంటే, ఆడవాళ్లు కూడా ఉద్యోగాలకు వెళ్లడంతో పగలంతా ఇళ్లు ఖాళీగా ఉన్నాయి, మోసుకుపోవడానికి వీలైన తేలిక వస్తువులు ఇళ్లలోకి వచ్చాయి అని చూపించారు. మన పల్లెలో వేరుశనక్కాయ పీకుడుకు ఇంటిల్లిపాదీ చేనికి పోతే పక్కింటి అవ్వను "కాస్త ఇల్లు చూస్తాండు" అని చెప్పి పోవడం ఈ సిద్ధాంతమే. ఆ అవ్వే కాపలా.

ఫోన్‌కు వచ్చేసరికి ఈ వివరణకు చిక్కు వచ్చింది. ఒకే చోట, ఒకే సమయం అనే మాట ఆన్‌లైన్‌లో నిలవదని 2005లో మాజిద్ యార్ అనే పరిశోధకుడు ఎత్తిచూపారు. తమిళనాడుకు చెందిన నేరశాస్త్రవేత్త కె. జైశంకర్ 2008లో ఇంకో కోణం చెప్పారు, ఊళ్లో నలుగురి ముందు చేయడానికి భయపడే పనిని మనిషి తెర వెనక నుంచి జంకకుండా చేస్తాడని. రెండూ ఆలోచించదగ్గవే. అయినా కాపలా అనే ముక్క మాత్రం ఇప్పటికీ బాగా పనికొస్తుంది.

డిజిటల్ అరెస్టు మోసాన్నే తీసుకోండి. పెన్షన్ తీసుకుంటున్న ఒక ముసలాయనకు సీబీఐ అనో, కస్టమ్స్ అనో వీడియో కాల్ వస్తుంది. నీ పేరు మీద పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు, ఆధార్ మనీలాండరింగ్‌లో వాడారంటారు. ఆ తర్వాత చెప్పే మాటే అసలు ఆయుధం: "గది తలుపు వేసుకో, కెమెరా ఆపొద్దు, ఎవరికీ చెప్పొద్దు, కొడుక్కి చెప్తే కొడుకును కూడా లోపలేస్తాం." అంటే మొదట కాపలాను తీసేస్తున్నారు. భార్య, కొడుకు, పక్కింటివాళ్లు, బ్యాంకు క్యాషియర్, వీళ్లలో ఒక్కరికి చెప్పినా మోసం అక్కడే ఆగిపోతుందని దొంగకు బాగా తెలుసు. మన చట్టాల్లో ఎక్కడా డిజిటల్ అరెస్టు అనేది లేదు, వీడియో కాల్‌లో ఎవరూ ఎవరినీ అరెస్టు చేయలేరు. 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో ఇదే చెప్పాల్సి వచ్చింది, 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు దేశమంతటా డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. కానీ ఫిక్స్‌డ్ డిపాజిట్ మొత్తం ఒక్కసారి తీసి తెలియని ఖాతాకు ఆర్టీజీఎస్ చేయమని చేతులు వణుకుతూ అడుగుతున్న ముసలాయనను చూసి "ఎందుకు సార్, ఎవరికి?" అని అడిగే బ్యాంకు ఉద్యోగి, ఆ క్షణానికి సీబీఐ కంటే దగ్గరి కాపలా. హైదరాబాద్‌లో బ్యాంకు సిబ్బంది ఇలా అడిగి డబ్బు ఆపిన సంఘటనలు వార్తల్లో వచ్చాయి.

లెక్కలు చూస్తే స్టేషన్ దగ్గర ఏం జరుగుతోందో అర్థమవుతుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు 2023లో వచ్చిన ఫిర్యాదులు దాదాపు 15.96 లక్షలు. అదే ఏడాది దేశం మొత్తం మీద నమోదైన సైబర్ కేసులు 86,420 అని జాతీయ నేర గణాంకాల సంస్థ చెబుతోంది, అంతకుముందు ఏడాది ఇవి 65,893. ఒక ఫిర్యాదుకు ఒక ఎఫ్‌ఐఆర్ ఉండి తీరాలని లేదు, ఒకే ముఠా మీద వందల ఫిర్యాదులు ఒకే కేసులో కలవవచ్చు, కొన్ని ఫిర్యాదుల్లో నేరమే ఉండకపోవచ్చు. అవన్నీ తీసేసినా వంద ఫిర్యాదులకు ఐదారు కేసులు అనేది చాలా పెద్ద తేడా. 2024లో ఫిర్యాదులు 22.68 లక్షలకు చేరాయి, జనం పోగొట్టుకున్న డబ్బు 2023లో 7,465 కోట్లు ఉంటే 2024లో 22,845 కోట్లయింది.

ఇవి కూడా ఫిర్యాదు చేసినవాళ్ల లెక్కలే. ఇంగ్లండ్, వేల్స్‌లో పోలీసు రికార్డులతో సంబంధం లేకుండా జనాన్నే నేరుగా అడిగే నేరాల సర్వే ఒకటి ఏటా జరుగుతుంది. 2015 అక్టోబరు నుంచి అందులో మోసాల గురించి ప్రశ్నలు చేర్చారు. మోసపోయినవాళ్లలో ఏడుగురిలో ఒకరు కూడా ఫిర్యాదు దాకా రావడం లేదని ఆ సర్వే చెబుతూ వచ్చింది. మన దగ్గర అలాంటి సర్వే ఏటా జరిగితే ఏం తేలుతుందో ఊహించడం కష్టం కాదు. లోన్ యాప్ వాళ్లు ఫొటో మార్ఫింగ్ చేసి బంధువులకు పంపుతామంటే భయపడి కట్టేసిన ఆడపిల్లలు, వీడియో కాల్ వలలో పడి బ్లాక్‌మెయిల్‌కు డబ్బు పంపిన మధ్యవయసు మగవాళ్లు, వీళ్లలో ఎంతమంది స్టేషన్ మెట్లు ఎక్కుతారు?

ఎక్కకపోవడానికి పెద్ద కారణం సిగ్గు. ఆ సిగ్గును మిగతా లోకం పెంచి పోషిస్తోంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసే కసాండ్రా క్రాస్ పెద్దవయసు వాళ్లతో మాట్లాడి, 2015లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని బాగా పట్టుకున్నారు. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లను అత్యాశ పరులు, అమాయకులు అనడం, వాళ్ల మీద జోకులు వేసుకోవడం మామూలైపోయిందని, చివరికి మోసపోయినవాళ్లు కూడా తప్పు తమదే అని నమ్మే స్థితికి వస్తారని ఆమె రాశారు. ఇంట్లో బంగారం పోయిందంటే "బీరువాకు తాళం ఎందుకు వేయలేదు" అని ముందు అడిగే ఎస్‌ఐ అరుదు. ఆన్‌లైన్‌లో పోయిందంటే మొదటి ప్రశ్నే "ఓటీపీ ఎందుకు చెప్పావు? చదువుకున్నోడివి కదా?" అప్పటికే ఇంట్లో తిట్లు తిని వచ్చిన మనిషి ఆ మాటకు ఇంకా కుంగిపోతాడు, సగం విషయాలు దాచేస్తాడు. దాచిన సగంలోనే దొంగ నంబరో, రెండో ఖాతా వివరమో ఉంటుంది. ఇది మర్యాదకు సంబంధించిన విషయం ఒక్కటే కాదు, దర్యాప్తు దెబ్బతినే విషయం. ఏపీకే ఫైల్ మోసంలో అయితే ఓటీపీ ఎవరూ చెప్పరు కూడా, ఫోన్‌లోకి దూరిన యాప్ మెసేజ్‌లను తానే చదివేస్తుంది. ఈ తేడా తెలియని ప్రశ్న బాధితుణ్ని అనవసరంగా దోషిని చేస్తుంది.

చట్టం వైపు నుంచి చూస్తే "మా లిమిట్స్ కాదు" అనే మాటకు ఇప్పుడు ఏ ఆధారమూ లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్, నేరం ఎక్కడ జరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా సమాచారం తీసుకోవాలని స్పష్టంగా చెబుతోంది. జీరో ఎఫ్‌ఐఆర్ అని అందరూ అనేది దీన్నే. ఆన్‌లైన్‌లో పంపిన ఫిర్యాదునైనా తీసుకోవాలి, పంపిన మనిషి మూడు రోజుల్లో వచ్చి సంతకం పెట్టాలి. ఇంకో సెక్షన్ ఉంది, 202. ఫోన్ ద్వారానో, ఎలక్ట్రానిక్ సందేశం ద్వారానో చేసిన మోసం కేసును ఆ సందేశం పంపిన చోట గానీ, అందుకున్న చోట గానీ విచారించవచ్చు. అంటే మన బట్టల అంగడి ఆయనకు మెసేజ్ అందింది ప్రొద్దుటూరులో, కాబట్టి ఐదో గడిలో ధైర్యంగా ఆయన అంగడి అడ్రసే రాయవచ్చు. ఈ ఒక్క సంగతి ప్రతి రైటర్‌కూ తెలిసి ఉంటే ఎన్నో బస్సు ప్రయాణాలు తప్పుతాయి.

అయినా చట్టంలోనూ ఒక ముడి ఉంది. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయి కంటే తక్కువ అధికారి దర్యాప్తు చేయకూడదు. మొదట్లో ఇది డీఎస్పీ స్థాయిలో ఉండేది, 2008 సవరణతో ఇన్‌స్పెక్టర్‌కు తగ్గించారు. పట్టణాల్లో సీఐ కిందే స్టేషన్ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. మండలాల్లో స్టేషన్ ఎస్‌ఐది, రెండు మూడు స్టేషన్లకు కలిపి ఒక సీఐ. ఆ సీఐ మీదే హత్య కేసులు, బందోబస్తులు, జాతరలు, ఎన్నికలు అన్నీ. కాబట్టి మారుమూల మండలంలో రైతు ఖాతా నుంచి 40 వేలు పోతే ఐటీ చట్టం సెక్షన్ వేయగానే ఫైలు సీఐ బల్ల మీద వరసలో నిలబడుతుంది. ఇక ఆ చట్టంలో ఇలాంటి కేసులకు వేసే 66సి (వేరొకరి పాస్‌వర్డ్ లాంటి గుర్తింపు వివరాలు వాడుకోవడం), 66డి (ఫోన్, కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేయడం) సెక్షన్లకు శిక్ష మూడేళ్ల దాకానే, బెయిల్ ఇవ్వదగ్గ నేరాలు అవి. అందుకే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని మోసం సెక్షన్ 318(4)ను కూడా కలుపుతారు, దానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఎస్‌ఐలకు సరైన శిక్షణ ఇచ్చి చిన్న మొత్తాల కేసులైనా దర్యాప్తు చేసే అధికారం ఇవ్వాలా అన్నది గట్టిగా చర్చించాల్సిన విషయం. ఇవ్వడమే మంచిదని అనిపిస్తుంది, ఎందుకంటే బాధితుడు మొదట చూసేది ఎస్‌ఐ ముఖమే.

మొదటి గంటలో ఏం జరగాలో చెప్పుకుంటే రైటర్ బల్ల ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. అక్కడ అడిగేవి ఇవే: ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఎంత, ఎప్పుడు, లావాదేవీ నంబరు ఎంత. యూపీఐ అయితే 12 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎక్కించగానే డబ్బు పోయిన బ్యాంకుకు, చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉంటే హోల్డ్ పడుతుంది. దాటిపోయి ఉంటే, ఎక్కడికి దాటిందో ఆ బ్యాంకు నమోదు చేసి తర్వాతి బ్యాంకుకు పంపుతుంది. ఇలా ఒక్కో అంచెను లేయర్ అంటారు. దొంగలు నిమిషాల్లో మూడు నాలుగు లేయర్లు దాటిస్తారు, ఏటీఎం నుంచి నోట్లు తీశాక, క్రిప్టోగా మార్చాక పట్టుకోవడం చాలా కష్టం. కాబట్టి బాధితుడు స్టేషన్‌కు వస్తే మొదట కావాల్సింది ఆయన జాతకం కాదు, ఆ 12 అంకెలు. స్టేటుమెంటు తర్వాత నిదానంగా రాసుకోవచ్చు. ఫోన్ పట్టుకుని కూర్చున్న కానిస్టేబుల్ ఒకరు, ఆ మెసేజ్ వెతికి నంబరు చూసి 1930కి చెప్పడం ఐదు నిమిషాల పని. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, కంప్యూటర్ ఇంజినీరింగ్ అక్కర్లేదు. ఇంకోవైపు బ్యాంకుకు కూడా వెంటనే తెలపాలి, తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే అని, ఖాతాదారు తప్పేమీ లేకుండా బయటివాళ్ల వల్ల పోయినప్పుడు మూడు పనిదినాల్లోపు చెబితే ఆ నష్టం కూడా ఖాతాదారు మీద పడదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల్లో చెప్పింది.

ఇంత చెప్పాక కూడా ఒక అనుమానం మిగులుతుంది. దొంగ జార్ఖండ్‌లో ఉంటే కర్నూలు కానిస్టేబుల్ చేసేదేముంది? ఇక్కడే హోల్ట్ లాంటివాళ్లు ఆన్‌లైన్ దొంగబజార్ల మీద చేసిన పరిశోధన పనికొస్తుంది. సైబర్ నేరం ఒక్కడు చేసే పని కాదు, అది బజారులాగా నడుస్తుంది. డేటా అమ్మేవాడు ఒకడు, సిమ్‌లు అందించేవాడు ఒకడు, ఫోన్ చేసేవాడు ఒకడు, ఖాతాలు సమకూర్చేవాడు ఇంకొకడు. ఫోన్ చేసేవాడు కంబోడియాలో ఉన్నా ఖాతా మాత్రం మన దేశంలో, మన జిల్లాల్లాంటి జిల్లాల్లో, ఒక మామూలు మనిషి పేరు మీద ఉండాలి. దాన్నే మ్యూల్ ఖాతా అంటున్నారు. డిగ్రీ చదివే కుర్రాడికి "నీ ఖాతా, పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఒక నెల ఇవ్వు, పదివేలిస్తాం" అంటే, అది ఎందుకో అడగకుండా ఇచ్చేస్తాడు. కొన్నాళ్లకు వేరే రాష్ట్రం పోలీసులు నోటీసు పట్టుకుని ఇంటికి వస్తే తండ్రి గుండె జారిపోతుంది. కొత్త న్యాయ సంహిత 317వ సెక్షన్‌లో మోసం చేసి తెచ్చిన సొమ్మును కూడా దొంగసొత్తు కిందే చేర్చారు, కాబట్టి తెలిసి ఖాతా అద్దెకిచ్చినవాడు నాకేం తెలియదని తప్పించుకోవడం కష్టం.

ఈ మ్యూల్ ఖాతాలు కూడగట్టే ఏజెంటు ఎవరు? ఆదోనిలోనో, గుంతకల్లులోనో, హిందూపురంలోనో టీ అంగడి దగ్గర కుర్రాళ్లతో మాట్లాడే మనిషి. ఎప్పుడూ షట్టర్ వేసే ఉండే గదికి ట్రేడర్స్ అని ఫ్లెక్సీ కట్టి కరెంట్ ఖాతా తెరిచినవాడు. కొద్దిమంది ఆధార్‌లతోనే పదుల కొద్దీ సిమ్‌లు అమ్మిన అంగడివాడు. వీళ్లను ఢిల్లీలో కూర్చున్న సాఫ్ట్‌వేర్ అనుమానించగలదు, రిజర్వు బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ ఇలాంటి ఖాతాలను పసిగట్టే మ్యూల్‌హంటర్ అనే వ్యవస్థను తయారు చేసింది కూడా. కానీ ఆ ఫ్లెక్సీ వెనక నిజంగా వ్యాపారం ఉందా లేదా అన్నది ఆ వీధి బీట్ కానిస్టేబుల్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఫ్యాక్షన్ కాలంలో సంపాదించిన పాత విద్య, అంటే ఏ మనిషి ఎవరితో తిరుగుతున్నాడు, ఉన్నట్టుండి ఎవరి చేతిలో డబ్బు ఆడుతోంది అని కనిపెట్టే విద్య, ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

విదేశీ ఉద్యోగాల ఏజెంట్లదీ ఇదే కథ. ఆగ్నేయాసియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, మన భాషలోనే మన జనాన్ని మోసం చేసే పనిలో పెడుతున్న ముఠాల గుట్టును 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. కంబోడియాలో చిక్కుకున్నవాళ్లను వెనక్కి తీసుకొచ్చారు. కువైట్‌కు, గల్ఫ్‌కు ఏజెంట్ల ద్వారా వెళ్లడం కడప, రాజంపేట, రాయచోటి వైపు కొన్ని తరాలుగా ఉన్న అలవాటు. అలాంటి చోట ఏజెంటు మాట నమ్మడం సహజం, అందుకే ఇక్కడ పోలీసుకు కొత్త ఏజెంట్ల మీద కన్నుండాలి. అవతలివైపు తెలుగులో మాట్లాడుతున్న గొంతు కూడా ఒక్కోసారి బందీగా ఉన్న మన పిల్లవాడిదే కావచ్చు, దొంగ ఎవరు, బాధితుడు ఎవరు అనేది తేల్చడం కూడా దర్యాప్తులో భాగమే.

పోలీసింగ్ పెరగాలంటే దొరికిన ఖాతాలన్నీ ఫ్రీజ్ చేసేయడం అని అర్థం చేసుకుంటే ఇంకో అన్యాయం మొదలవుతుంది. కూరగాయల అంగడిలో ఎవరో 600 రూపాయల కూరగాయలు కొని యూపీఐ చేశారు, ఆ డబ్బు ఎక్కడో మోసం సొమ్ములోంచి ఐదో లేయర్‌గా వచ్చింది. అంతే, అంగడామె ఖాతా మొత్తం ఫ్రీజ్. ఏ రాష్ట్రం పోలీసులు చేశారో, ఎవరికి ఫోన్ చేయాలో ఆమెకు తెలియదు, డ్వాక్రా వాయిదా ఆగిపోతుంది, పిల్లల ఫీజు ఆగిపోతుంది. 2023లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసుల్లో, పోలీసులు చెప్పిన ఆ మొత్తానికే హోల్డ్ పరిమితం చేయాలని బ్యాంకులకు చెప్పింది. న్యాయమైన మాట. 600కు 600 ఆపండి, మిగతాది ఆమెది. ఇలాంటప్పుడు కూడా ఆమె మొదట పరుగెత్తేది దగ్గరి స్టేషన్‌కే, అక్కడ ఒకరు ఆ నోటీసు చదివి పంపిన స్టేషన్‌కు ఒక లేఖ రాసిపెడితే నెలల గోస తప్పుతుంది.

హోల్డ్ పడిన డబ్బు బాధితుడికి తిరిగి ఇప్పించడం ఇంకో పని. చాలా సందర్భాల్లో సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వేసి ఉత్తర్వు తెచ్చుకోవాలి. అది బ్యాంకుకు చేరాలి, బ్యాంకు విడుదల చేయాలి. తన డబ్బు ఆగి ఉందని ఎస్సెమ్మెస్ చూసి సంబరపడిన కూలీ మనిషి, కోర్టు, లాయరు అనేసరికి వదిలేసుకుంటాడు. లోక్ అదాలత్‌లలో ఇలాంటివి ఒకేసారి తేల్చడం చాలా మేలు చేసే పద్ధతి. దరఖాస్తు నమూనా స్టేషన్‌లోనే ఉంచి, పేరు, మొత్తం, ఫిర్యాదు నంబరు నింపి ఇవ్వడం రైటర్‌కు పెద్ద భారం కాదు.

శిక్షణ లేదని కూడా అనలేం. అనంతపురంలో పోలీసు శిక్షణ కళాశాల ఉంది. 2020 జనవరిలో ఢిల్లీలో ప్రారంభించిన జాతీయ సైబర్ నేరాల సమన్వయ కేంద్రం పోలీసుల కోసం సైట్రెయిన్ అనే ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. ఆలోచించాల్సింది ఆ శిక్షణ ఎవరికి అందుతోంది అని. సైబర్ సెల్‌లో ఉన్న నలుగురికి ఎంత నేర్పినా మండల స్టేషన్‌లో రాత్రి డ్యూటీలో ఉన్న హోంగార్డుకు 1930 గురించి తెలియకపోతే రాత్రి పదింటికి వచ్చిన బాధితుడు పొద్దున రమ్మనే మాటే వింటాడు. షార్లెట్, సవానా పోలీసులను అడిగిన ప్రశ్నలే మన రాయలసీమ జిల్లాల కానిస్టేబుళ్లను, రైటర్లను, ఎస్‌ఐలను అడిగి చూడాలి. ఇది మీ పని అనుకుంటున్నారా, చేతకాదనిపిస్తోందా, చేస్తే పైవాళ్లు లెక్కలోకి తీసుకుంటున్నారా అని. ఇక్కడి యూనివర్సిటీల్లో న్యాయశాస్త్రం, సమాజశాస్త్రం చదివే పిల్లలకు ఇంతకంటే దగ్గరి పరిశోధనాంశం దొరకదు, స్టేషన్ వాళ్ల కాలేజీ గేటుకు నడిచిపోయే దూరంలోనే ఉంటుంది.